ఆసుపత్రి అక్షరాలను కొలిచిన స్కేలు

నేను ఒక స్టీలు స్కేలును. అడుగు పొడవు, అంగుళం వెడల్పు, మేకుకు తగిలించడానికి ఒక చివర చిన్న బెజ్జం. ఒక అంచున అంగుళాలు, రెండో అంచున సెంటీమీటర్లు.

ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పుట్టాను. పెద్ద రేకును పట్టీలుగా కోసి, ఒంటికి మైనం పూసి, గీతలు పడాల్సిన చోట మైనం గీకేసి, ఆమ్లంలో ముంచారు. ఆ నొప్పి సంగతి అడక్కండి. పుట్టిన రోజే ఒంటినిండా అంకెలు పొడిపించుకున్న ప్రాణిని నేను.

అక్కడి నుంచి రైలెక్కి మా పట్టణం చేరాను. ఇక్కడి లలితకళల కళాశాలలో అక్షరాలు గీయడం నేర్పే లింబాద్రి సార్ నన్ను కొన్నారు. ఉద్యోగం రాకముందు ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవారు. గీతలు గీయడానికే నన్ను చేశామని కార్ఖానావాళ్లు అనుకుని ఉంటారు. సార్ నాతో వీపు గోక్కున్నారు, రంగు డబ్బాల మూతలు లేపారు, క్లాసులో గోల మితిమీరినప్పుడు బల్ల మీద ఠాప్పున కొట్టారు. పిల్లల్ని మాత్రం ఏనాడూ కొట్టలేదు. రిటైరయ్యే రోజు నన్ను తుడిచి, తన శిష్యురాలు హైమవతి చేతిలో పెట్టారు.

"ఇగ నువ్వు చూసుకో బిడ్డా" అని మాత్రం అన్నారు. నన్నో, క్లాసునో చెప్పలేదు.

హైమవతి మేడం అప్పటికి ఏడేళ్లు హైదరాబాదులో ఒక ప్రకటనల కంపెనీలో పనిచేసి వచ్చింది. అగరుబత్తి పెట్టెలు, కేలెండర్లు, మిరప విత్తనాల ప్యాకెట్లు డిజైన్ చేసింది. మంచి జీతం వదులుకుని ఎందుకు వచ్చావని అడిగిన వాళ్లకు, "అక్కడ ఎవరూ ఎందుకని అడగరండీ, ఎప్పుడిస్తావని అడుగుతారు" అనేది. క్లాసులో పిల్లలు ఎందుకని అడిగితే ఆమె ముఖం వెలిగిపోయేది. ఒక్క 'శ' అక్షరం గురించి గంట మాట్లాడగలదు. ఆ గంటలో నేను ఆమె చేతిలో గాలిలోనే ఉండేదాన్ని. నాతో కొలవడం కంటే నాతో చూపించడమే ఎక్కువ.

ఆమెకు పేరు తెచ్చిన పని ఆసుపత్రి బోర్డులు. పట్టణంలో పెద్దాసుపత్రికి కొత్త భవనం కట్టారు. ఏ విభాగం ఎటు ఉందో చెప్పే బోర్డులన్నీ మా కళాశాలే తయారుచేయాలన్నారు. మేడం మూడో ఏడాది విద్యార్థులతో కలిసి కూర్చుంది. వాళ్లలో నస్రీన్ అనే అమ్మాయి చెయ్యి అద్భుతం. సన్నని తీగలాంటి గీతతో, తలకట్లు లేతగా వంగినట్టుండే అక్షరాలు గీసింది. తెల్లని పలక మీద లేత ఆకుపచ్చ రంగు. మాటలన్నీ అచ్చమైన గ్రాంథికంలో ఉండాలని మేడం పట్టుబట్టింది. 'అత్యయిక చికిత్సా విభాగము', 'రుధిర పరీక్షాలయము'. నేనూ కొలిచాను, నేనూ మురిశాను. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు మరి.

ఆ బోర్డులకు ఢిల్లీలో బహుమతి వచ్చింది. ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి విభాగం గోడకు తగిలించారు. పేపర్లో ఫొటో పడింది. మేడం ప్రొఫెసరైంది. నస్రీన్ చదువు ముగించి అదే విభాగంలో లెక్చరరుగా చేరింది.

మూడేళ్లు గడిచాయి. ఒక ఉదయం మేడం జ్వరంతో ఉన్న భర్తను రక్తపరీక్షకు ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆమె గుడ్డసంచీలో నేనూ ఉన్నాను. భర్తను బెంచీ మీద కూర్చోబెట్టి, బోర్డుకేసి చూసి, ఉన్నచోటే నిలబడిపోయింది. బహుమతి పొందిన బోర్డు మీద నోటుబుక్కు కాగితం అడ్డంగా అంటించి ఉంది. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో వంకరటింకరగా 'రక్తం పరీక్ష ఇటు', పక్కన ఇంత లావు బాణం గుర్తు.

మేడానికి ఒళ్లు మండింది. సంచీలోంచి నన్ను తీసి, కాగితం అంచు కింద దూర్చి, గీకడం మొదలుపెట్టింది.

"ఏయ్ అమ్మా! గది పీకకు! నీకేం పోయేకాలం?"

చీపురు పట్టుకుని ఒక ఆయా పరుగున వచ్చింది. పేరు పెంటమ్మ అని ఆ తర్వాత తెలిసింది. యాభై ఏళ్లుంటాయి. మడమలు పగిలి ఉన్నాయి.

"కింద బోర్డు ఉంది కదమ్మా. దాని మీద ఇలా అంటించడమేంటి?" అంది మేడం.

"బోర్డా గది? ఎవరో బాగ సదువుకున్నోళ్లు రాసిన్రంట. గోడకు ముగ్గేసినట్టు మంచిగనే ఉన్నది. ఒక్కలకన్న సదువొస్తే ఒట్టు! అందరు నన్నే అడుగుతరు. పొద్దుగాల్నుంచి పొద్దూకేదాంక తోవ చెప్పుడే నా పని. ఊడ్సుడెప్పుడు? నా కోడలితోని రాయించి నేనే అంటువెట్టిన."

మేడం చెయ్యి ఆగింది. పెంటమ్మ గొంతు తగ్గించింది.

"మొన్న ఒకాయన ఫిట్సొచ్చిన బిడ్డను బుజాన ఏసుకొని ఉరికొచ్చిండమ్మా. ఎమర్జెన్సీ ఏడున్నదో సమజ్ గాలె. గా బోర్డు కిందికెల్లే పోయిండు, బట్టలుతికే కాడిదాంక పోయిండు. నేను జూసి గుంజుకొచ్చిన. డాక్టరమ్మ, ఇంకింత ఆలస్యమైతే దక్కకపోవు అన్నది. దేవుని దయ, పిల్ల బతికింది."

తనెవరో మేడం చెప్పలేదు. సగం లేచిన కాగితాన్ని అరచేత్తో నొక్కి నొక్కి మళ్లీ అంటించింది. నేనింకా ఆమె రెండో చేతిలోనే ఉన్నాను. ఆ చేతి చెమట నాకు తగిలింది. ఆ బోర్డు మీది అక్షరాల ఎత్తు కొలిచింది నేనే కదా. పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తే మనిషి ఎంత దూరం నుంచి చూస్తాడో కొలవమని నన్ను ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

మర్నాడు ఆమె కళాశాలకు వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని ఎక్కి, గోడ మీది ఫ్రేము దించింది. విద్యార్థులందరినీ పిలిచి ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఈ పని అప్పటి విద్యార్థులకు మార్కులు తెచ్చింది. నాకు ప్రమోషన్ తెచ్చింది. కానీ ఇది ఫెయిలైంది. ఫెయిల్ చేయించింది నేను. మళ్లీ చేద్దాం."

నస్రీన్ వెనక నిలబడి వింది. అందరూ వెళ్లాక ముందుకొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆ అక్షరాలు నావి మేడం. నాకు ఉద్యోగం వచ్చింది వాటితోనే. ఒక్క మాట నాకు ముందు చెప్పి ఉంటే బాగుండేది."

"చెప్పాల్సింది నస్రీన్. తప్పే" అంది మేడం. "నీ గీతలో లోపం లేదు. ఆ గీత ఎక్కడ పెట్టాలో చెప్పాల్సినదాన్ని నేను. నేను చెప్పలేదు."

నస్రీన్ వెళ్లిపోయింది. మూడు రోజులు స్టాఫ్ రూములో ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఈలోగా ప్రిన్సిపాల్ శేషగిరి గారు కబురు పెట్టారు. వచ్చే నెల తనిఖీ బృందం వస్తోందని ఆయన బెంగ.

"గోడ మీద ఉన్న ఒక్క జాతీయ బహుమతినీ మీరే దించేస్తే ఎలా మేడం? ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా?"

"ఫిర్యాదు రాయాలన్నా ఆఫీసు ఎక్కడుందో బోర్డు చూసే తెలుసుకోవాలి కదా సార్" అంది మేడం.

ఆయనకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "మీ పరువు మీ ఇష్టం. ఆసుపత్రివాళ్లు ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు" అన్నారు. ఆసుపత్రి సూపరింటెండెంటు ఒప్పుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది. బోర్డు చూసినా గది దొరక్క ఆవిడ కూడా చేరిన మొదటి రోజు పెంటమ్మనే అడిగిందట.

విద్యార్థులు వారం రోజులు ఉదయం పూట ఆసుపత్రి వరండాల్లో కూర్చున్నారు. వచ్చినవాళ్లు ఏ మాటతో ఏది అడుగుతున్నారో రాసుకున్నారు. 'రుధిరం' అని ఒక్కరూ అనలేదు. 'అత్యయికం' అసలు పుట్టనే లేదు. 'ఎమర్జెన్సీ' అన్నారు, 'మందులిచ్చే కాడ' అన్నారు, 'కాన్పుల వార్డు' అన్నారు. ఎవరు ఎక్కడ ఆగి తల ఎత్తుతున్నారో అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత పెట్టారు. ఆ గీత నుంచి గోడ దాకా నన్ను ఒక్కొక్క అడుగే జరుపుకుంటూ కొలిచారు. టేపు తెచ్చుకోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. ప్రతి అడుగుకీ వంగి లేస్తేనే దూరమంటే ఏమిటో తెలుస్తుందంది మేడం.

నాలుగో రోజు నస్రీన్ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా మేడం చేతిలోంచి నన్ను తీసుకుని, నేల మీద కూర్చుని కొలవసాగింది. మేడం పక్కకు జరిగి చోటిచ్చింది.

నమూనాలు తయారయ్యాక మేడం ఎవరూ ఊహించని పని చేసింది. పెంటమ్మను ఆటోలో కళాశాలకు పిలిపించి, వరండా ఈ చివర కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఐదో తరగతి వరకే చదివిన మనిషి ఆ రోజు మాకు పరీక్షాధికారి. విద్యార్థులు ఆ చివర ఒక్కొక్కరే బోర్డు పట్టుకుని నిలబడ్డారు.

"కనవడ్తలేదు. తియ్యి" అంది మొదటిదానికి.

రెండోదానికి, "గా బాణం ఎటు జూపెడుతున్నదే? మీదికా? మీద ఆకాశమే ఉన్నది!"

అందరూ నవ్వారు. మూడోది నస్రీన్‌ది. పెంటమ్మ కళ్లు చిట్లించి కూడబలుక్కుని, "మం... ముం... ఏందిది?" అంది. నస్రీన్ బోర్డు దించి లోపలికి వెళ్లింది. గీతలు లావు చేసి తెచ్చింది. అదీ పోయింది. ఈసారి వెళ్లినామె గంట దాకా రాలేదు. లోపల బల్ల మీద నన్ను ఆనించి, తలకట్టుకూ అక్షరానికీ మధ్య ఖాళీ పెంచుతూ, తను ప్రేమించిన వంపులన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ గీసింది. ఒక వంపు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. దాన్ని ఉంచేసింది.

నల్లని పట్టీ మీద పసుప్పచ్చ అక్షరాలతో తన మూడో నమూనా ఎత్తింది. పెంటమ్మ ఒక్క చూపులో, "మందులిచ్చే చోటు" అని చదివేసింది. తర్వాత తనే ఆశ్చర్యపోయి, "సదివిన్నా నేను? ఇగ మంచిగున్నదమ్మా. అక్షరం గుడ సక్కగున్నది" అంది.

నస్రీన్ బోర్డును గోడకు ఆనించి ముఖం చేతుల్లో దాచుకుంది. మేడం వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ వంపు ఉంచేశావేం?"

"అది లేకపోతే అక్షరం ఊపిరాడనట్టుంది మేడం."

"ఉంచు. పెంటమ్మే పాస్ చేసింది."

కొత్త బోర్డులు బిగించిన రోజు అందరం ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డాం. మేడం నన్ను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుంది. అరగంట తర్వాత ఒక ముసలావిడ కూతురిని పట్టుకుని ఆటో దిగింది. కూతురికి నెలలు నిండాయి, అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. ముసలావిడ లోపలికి వచ్చి, సుద్దగీత చెరిగిపోయిన ఆ చోటనే ఆగి, తల ఎత్తింది. పెదవులు కదిలాయి. "కాన్పుల వార్డు గిటే బిడ్డా, రా" అని కుడికి తిరిగింది. ఎవరినీ అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

మేడం అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ ఊపిరికి నా ఒళ్లంతా ఆవిరి పట్టింది. మెట్ల మీద చతికిలబడి, చిన్నపిల్లలా నవ్వుతూ ఏడ్చింది. కాసేపటికి లోపలి నుంచి కబురొచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ముసలావిడ పంచిన బెల్లం ముక్క మేడానికీ అందింది.

తనిఖీ బృందం వచ్చింది, చూసింది, వెళ్లింది. పాత ఫ్రేము లేదని ఎవరూ అడగలేదు. ప్రిన్సిపాల్ గారు నెల రోజులు పడిన బెంగంతా వృథా అయింది. మనుషులు తమ పరువు గురించి భయపడినంతగా ఎదుటివాళ్లు దాన్ని పట్టించుకోరని నాకు ఆనాడే అర్థమైంది.

మేడం రిటైరై తొమ్మిదేళ్లైంది. ఇప్పుడు విభాగమంతా కంప్యూటర్లే. నేను నస్రీన్ ప్రొఫెసరు గారి సొరుగులో ఉంటున్నాను. వాడి వాడి నా మొదటి అంగుళం గీతలు పూర్తిగా అరిగిపోయాయి. ఒకసారి కొత్త గుమాస్తా నన్ను పాత ఇనుము బుట్టలో వేశాడు. తుప్పుపట్టిన కత్తెరల మధ్య రెండు రోజులు పడి ఉన్నాను. నస్రీన్ బుట్టంతా నేల మీద కుమ్మరించి వెతికి, నన్ను దుపట్టాతో తుడిచింది.

నిన్న ఒక విద్యార్థిని నన్ను చేతిలో తిప్పి చూసి, "మేడం, దీనికి మొదలే కనిపించట్లేదు. ఎక్కడి నుంచి కొలవాలి?" అని అడిగింది.

"ఒకటి దగ్గర మొదలుపెట్టి, చివర్లో ఒకటి తీసెయ్యమ్మా" అంది నస్రీన్.

ఆ అమ్మాయి నన్ను కాగితం మీద ఆనించి, పెన్సిలు చెక్కుకుని, గీత గీసింది. తిన్నగానే వచ్చింది.