సంచి మూలకు పసుపు

మేకుకు ఒక సంచి. సంచిలో టెంకాయ. కొండ మీద నుండి తుంపరతో సారల్ గాలి దిగితే సంచి ఊగుతుంది. టెంకాయ గోడకు తగులుతుంది.

టక్.

మళ్ళా... టక్.

తొమ్మిది దినాలుగా గోమతి ఇంట్లో ఇదే చప్పుడు. ఒక్క కుట్టు సాగలేదు. ఒక్క పోగు తెగలేదు. ఆ టెంకాయకు కూడా విసుగు పుట్టి ఉంటుంది. మనుషులకు మాత్రం నమ్మకం పుట్టలేదు.

శివ శివా! ఒక సంచికి ఇంత రామాయణమా!

ఎల్లుండి నివేదిత పెండ్లి. గోమతి బావ పొన్నురంగం కూతురు నివేదిత. పెండ్లికి వచ్చినోళ్ళు పోయేటప్పుడు టెంకాయ, ఆకువక్క పెట్టి ఒక సంచి చేతికియ్యాల. తాంబూలం సంచి. అది లేకుండా ఎవరినైనా పంపిస్తే, సాపాటు ఎంత బాగా పెట్టినా పెట్టనట్టే.

పొన్నురంగానికి రాజపాళయం బజారులో సంచుల అంగడి. పన్నెండేండ్లుగా దానికి కుట్టేది గోమతే. పన్నెండేండ్లుగా ఏ గుడ్డ బాగుంటుందమ్మా అని ఒక్కరూ అడగలేదు. తెచ్చి పడేస్తారు. కుడుతుంది. ఆ తళతళలాడేదాన్ని గుడ్డ అంటారు అందరూ.

గుడ్డంట, గుడ్డ!

అగ్గిపుల్ల గీసి అంచుకు చూపిస్తే బయట పడుతుంది దాని యవ్వారం. బూడిద కాదు. కరిగి, నల్లగా, ముద్దగా అంటుకుంటుంది. ప్లాస్టిక్. పైన పటారం, లోన లొటారం. టెంకాయ ఇల్లు చేరేలోపలే అడుగు ఊడుతుంది. అప్పుడు ఎవరూ గుడ్డను తిట్టరు... కుట్టినదాన్ని తిడతారు.

ఈసారి గోమతి నోరు తెరిచింది. ఇంటి పెండ్లి కదా బావా, గుడ్డ నేను చూస్తాను — అనింది. పొన్నురంగం ఏ ధ్యాసలో ఉన్నాడో, సరేమ్మా అన్నాడు.

ఆ ఒక్క సరే కోసం పన్నెండేండ్లు.

వెతికింది. పాత బ్యానర్లు — గట్టివే, కానీ ఎట్లా తిప్పి కుట్టినా ఎవరో ఒక పెద్దమనిషి మీసం బయటికి వస్తుంది. సిమెంటు సంచులు — ఏడు సార్లు ఉతికినా ఎనిమిదోసారి దుమ్ము. పాత చీరలు — మెత్తన, టెంకాయ వేస్తే మోకాళ్ళ దాకా సాగుతాయి. చీ, పొండి!

ఆఖరుకు సత్రపట్టిలో దొరికింది, చొక్కలింగం మగ్గాల దగ్గర. బనియన్లు కత్తిరించగా మిగిలిన ముక్కల్ని పీచు పీచు చేసి, మిల్లులో మళ్ళా నూలు తీసి, ఆ నూలుతో నేసిన గుడ్డ. రంగు వెయ్యలేదు. ఆ ముక్కల రంగే దానికి — బూడిద రంగు, నడుమ నడుమ ఒక నీలం చుక్క, ఒక ఎర్ర చుక్క. మందం. గోరుతో గీరినా పోగు లేవదు. అగ్గిపుల్ల చూపించింది. బూడిదైంది. ఊదితే ఎగిరిపోయింది.

ఒక సంచి కుట్టి, టెంకాయ వేసి, మేకుకు తగిలించింది. ఇదే, అనుకునింది. గుండె నిండిపోయింది.

నిండిన గుండెను ఊరికే ఉండనిస్తారా?

నాలుగు వందల సంచులు కుట్టి పేర్చినాక పొన్నురంగం వచ్చినాడు. ముక్కు చిట్లించినాడు.

"సత్రపట్టి గుడ్డనా? వాళ్ళు నేసేది ఆస్పత్రికి కట్టుగుడ్డ కదమ్మా! పుండుకు చుట్టేదాంట్లో తాంబూలమా? వియ్యంకులు ఏమంటారు?"

మగ్గం అదే బావా, నూలు వేరే. చెప్పింది. చేతికిచ్చి చూపించింది. మేకుకు ఊగే టెంకాయనూ చూపించింది. చెవిటోడి ముందు శంఖం.

"నాకేమీ లేదు. అమ్మ పసుపు పెడితే సరి. లేదంటే రేపు పది గంటలకు అంగడి నుండి ఆ మెరిసేవే తెప్పిస్తాను. ఇంకెప్పుడూ గుడ్డ సంగతి నువ్వు ఎత్తవద్దు."

అమ్మ అంటే మంగళం. గోమతి అత్త. ఈ ఇంట్లో కొత్త గుడ్డ ఏదైనా సరే, మూలకు ఆమె వేలి పసుపు పడాల. పడితే కొత్తది. పడకపోతే ఎవరూ ముట్టరు.

మంగళం వేలు కాదు, చూపు కూడా పెట్టలేదు.

"చింపిన గుడ్డలతో చేసింది కదే. ఎవరు కట్టి విడిచినవో. శుభానికి పాతది పనికిరాదు."

"ఎవరూ కట్టలేదు అత్తా. కత్తిరించగా మిగిలినవి."

"మిగిలింది అంటే పాతదే. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకొక దారి..." అని నవ్వింది.

ఆ నవ్వునే గోమతి ఓర్చుకోలేకపోయింది.

ఎందుకంటే నవ్వేటప్పుడు మంగళం ఒడిలో ఉండేది మంజప్పై. పసుపుపచ్చని గుడ్డ సంచి. ఆమె పెండ్లిలో ఇచ్చిన తాంబూలం సంచి, నలభై ఎనిమిదేండ్లది. దాంట్లోనే ఆకువక్క, దాంట్లోనే కండ్లద్దాలు, దాంట్లోనే కాయగూరలు. నా పెండ్లి సంచి, నా పెండ్లి సంచి అని వీధంతా చెప్తుంది. మామ కూడా దాన్ని చూసి ఇంకా సిగ్గుపడతాడు.

గోమతి నోరు జారింది.

జారలేదు. విడిచింది.

"దాంట్లో మీ పెండ్లి ఎక్కడుంది అత్తా? పట్టీలు నేను మార్చినవి, రెండు సార్లు. అడుగు నేను వేసింది. మీ పేరూ మామ పేరూ అచ్చేసిన పక్కను ఎలుక కొరికితే, తీసేసి నా పావడ గుడ్డ వేసినాను. ఇంకొక పక్క దిండు గలీబు. అంతా మిగిలిన గుడ్డే! అది మాత్రం శుభానికి పనికొచ్చిందా?"



టక్.

మంగళం తన ఒడిలోని సంచిని తిప్పింది. ఒక పక్క. ఇంకొక పక్క. అతుకుల మీద వేలు పోనిచ్చింది, మెల్లగా. పేర్లు ఉండిన చోట ఆగింది. అక్కడ గోమతి పావడ పూలు.

అయ్యో, పాడు నోరు! గోమతికి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. అబద్ధం చెప్పలేదు కదా! నిజమే కదా! నిజమైతే మాత్రం, ఒక పెద్దామె ఒడిలో నుండి ఆమె పెండ్లిని లాక్కోవచ్చునా?

తప్పు, అత్తా — అనాల. దానికి బదులు గిన్నెలో పసుపు తడిపి, మేకు కింద పెట్టి, లోపలికి పోయింది.

తెల్లారింది. సారల్ నిలవలేదు. చప్పుడు వినపడింది, కానీ వేరేగా... మెత్తగా.

గోమతి వచ్చి చూసింది.

మేకుకు మంజప్పై. దాంట్లో అదే టెంకాయ. అతుకులు సాగలేదు. తెగలేదు. ఊగుతా ఉంది.

కొత్త సంచి లేదు. మంగళం లేదు.

గిన్నెలో పసుపు అంచున ఎండింది. నడుమ ఒక వేలి గుంట. సంచికి ముంచిందా, దినమూ పూసుకునే మొగానికి ముంచిందా? ఎవరిని అడగాల?

ఫోన్. పొన్నురంగం. "ఏమ్మా, అమ్మ పెట్టిందా? పది అవుతా ఉంది." పది కావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఈ మనిషికి ఎప్పుడూ కాళ్ళలో నిప్పే.

వీధి చివర మంగళం. మార్కెట్టు నుండి వస్తా ఉంది. చేతిలో బూడిద రంగు సంచి. దాని నిండా కాయగూరలు, పైన ఒక పెద్ద గుమ్మడికాయ. పక్కింటామె ఆపి ఏదో అడిగింది. మంగళం సంచిని కొంచెం ఎత్తి చూపించింది. ఏం చెప్పిందో వినపడలేదు.

గోమతి మెట్టు దిగింది. తల వంచి చూసింది. సంచి మూల మంగళం చీర కుచ్చిళ్ళలో దాగి ఉంది.

"పెట్టిందా, లేదామ్మా?"

"ఉండండి బావా! వస్తా ఉంది కదా!"

వెనక ఇంట్లో గాలి దూరింది. మేకుకు సంచి ఊగింది.

టక్.