కూటి వంతు

గంప నిండకముందే హిడ్మే కళ్లకు చీకట్లు కమ్మాయి. ఇప్పచెట్టు మొదలు పట్టుకుని అక్కడే కూలబడింది. ఏడో నెల కడుపు. రాలిన పూలు పశువులు తినేస్తాయని తెల్లారకముందే అడవికి వచ్చింది. గుండె దడదడలాడుతోంది. నాలుక మీద ఇంకా మట్టి రుచే ఉంది. పొద్దున లేస్తూనే గోడ గిల్లి తిన్నది. తప్పని తెలుసు, మనసు ఆగడంలేదు.

ఊరి ఆడవాళ్ల పురుళ్లూ జ్వరాలూ చూసుకునే ఆరోగ్య కార్యకర్త, మితానిన్ పార్వతి ఆ దారిన వచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టింది. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టుంది. పోయిన నెల ఇచ్చిన ఇనుము గోలీలు మింగుతున్నావా అని అడిగితే హిడ్మే తల దించుకుంది. అవి మింగితే బిడ్డ బలుస్తుందని అత్త భీమే వాటిని పొయ్యిలో వేసింది.

పార్వతి తిట్టలేదు. మట్టి తినాలనిపించేది కూడా రక్తం తక్కువవడం వల్లేనని చెప్పింది. మళ్లీ గోలీలిచ్చి, టీతో కాదు, నిమ్మకాయ నీళ్లతో మింగమంది. దొడ్డికి నల్లగా వస్తే భయపడొద్దంది. రేపు పామేడు ఆసుపత్రికి పోయి రక్తం చూపిద్దాం, అవసరమైతే వాళ్లే మందు ఎక్కిస్తారంది. ఆకుకూర, చేప బాగా తినమంది.

ఆ చివరి మాటకు హిడ్మేకు నవ్వొచ్చింది. వండేది తనే. కాని ఆ ఇంట్లో మగవాళ్లు తిని లేచాకే ఆడవాళ్లు విస్తరి ముందుకు రావాలి. అప్పటికి కుండలో గంజీ, గిన్నెకు అంటిన పులుసూ మిగులుతాయి. పెద్దకోడలు లక్కే కూడా అవే తిన్నది. పోయిన వానల్లో పురుడయ్యాక నెత్తురు ఆగక, మంచం మీద మోసుకెళ్తుంటే వాగు దాటకముందే ప్రాణం విడిచింది. గాలి సోకిందన్నారు అందరూ.

మధ్యాహ్నం హిడ్మే మునగాకు వేసి ఎండుచేపలు వండింది. మామ బిజ్జాకూ, భర్త కేసాకూ వడ్డించింది. తర్వాత ఇంకో ఆకు పరిచి, అన్నం, కూర వేసుకుని వాళ్ల పక్కనే కూర్చుంది.

భీమే గబగబా వచ్చింది. "మొగోళ్లు తిననీ ముందు. కడుపుతోటి గిట్ల తింటే బిడ్డ బలిసి అడ్డం తిరుగుతది. నీ మేలుకే జెప్తున్న."

"లక్కే తినలే గద అత్తా. గోలీలు గూడ మింగలే. దాని బిడ్డ పిల్లికూన తీరు పుట్టింది. మరి అదెందుకు సచ్చింది?"

కేసా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

తమ ఇంట్లో ఈ పద్ధతి లేదన్నాడు బిజ్జా, కోడలి ముఖం చూడకుండా. కేసా గొణిగినట్టు, "లే, తర్వాత తిందువు గాని" అన్నాడు.

"లెవ్వ," అంది హిడ్మే.

ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. బిజ్జా తన ఆకు తీసుకుని అరుగు మీదికి పోయాడు. కేసా కొంచెంసేపు తండ్రి వైపు చూసి, తల వంచుకుని అక్కడే తినడం మొదలుపెట్టాడు.

భీమే గుంజ పట్టుకుని నిలబడింది. గుంజ మీద ఆమె గోళ్లు కాగితంలా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లలో హిడ్మే వాటిని గమనించడం అదే మొదలు. తన పక్కన మరో ఆకు పరిచి, అన్నం పెట్టి, పెద్ద చేప ముక్క వేసింది.

"నువ్వు గూడ కూసో అత్తా. సల్లారిపోతది."

భీమే కూర్చోలేదు. అక్కడినుంచి కదలనూ లేదు.