తొమ్మిదో పేజీకి చుట్టం

రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు నడిపే కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీ అది, భీమవరంలో. వాటికి పనులు పురమాయించడానికి తెలుగు మాటలతో సొంతంగా ఓ ప్రోగ్రామింగ్ భాష కట్టుకున్నారు. ఆ భాషకి మాన్యువల్ చూసేది పావని. రెండొందల పేజీలు, అకారాది క్రమంలో ముచ్చటగా ఉన్నాయి. కానీ ఏ పేజీ చదివినవాళ్లు ఇంకే పేజీ చూడాలో ఎక్కడా రాసిలేదు. ఆ లింకులన్నీ ఇవాళ కలిపెయ్యాలి.

పదింటికి, ఆఫీసులో టీ పెట్టే సూరమ్మ టీ తెచ్చింది. ఆత్రేయపురంలో ముప్పై ఏళ్లు పూతరేకులు చుట్టిన చేతులు ఆవిడవి. ఆ చేతుల్లో పెడితే ఏ కాగితమైనా తన చుట్టాన్ని వెతుక్కుంటుంది. కలిసిపోయిన దస్తావేజులు, ఆస్పత్రి రిపోర్టులు పట్టుకుని ఊళ్లోవాళ్లు వచ్చేవారు, జతపడ్డాక టీ తాగి వెళ్లేవారు.

అప్పుడే గంగరాజు ఫోన్ చేశాడు. చెరువుల దగ్గర టెక్నీషియన్.

"మేడమ్, ఏరియేటర్ రెక్కకి వల చుట్టుకుందండి. దిగి తియ్యాలి. మోటార్ ఆపడానికి ఏం కొట్టాలండి?"

"'ఆపు' అని కొట్టండి. తొమ్మిదో పేజీలో ఉంటుంది."

ఫోన్ పెట్టిన పది నిమిషాలకి కరెంటు పోయింది. కంప్యూటర్ ఆరిపోయింది. పావని ప్రింటు తీసిన కట్ట సూరమ్మ చేతిలో పెట్టింది.

"ఈలోపు ఇవి చూడండి, పిన్నిగారూ."

సూరమ్మ కట్ట విప్పగానే తొమ్మిదో పేజీ గబుక్కున లేచి, అట్టడుగున ఉన్న నూట ఎనభయ్యో పేజీని కరుచుకుంది.

"ఇది బాగా కంగారు పడుతోందమ్మా" అంది సూరమ్మ.

పావని చదివింది. 'విద్యుత్తు పోయి తిరిగి వస్తే, అంతకుముందు ఇచ్చిన ఆపు చెల్లదు. మోటార్లు వాటంతటవే తిరుగుతాయి.'

ఆఫీసుకీ ఆ చెరువులకీ కరెంటు లైను ఒకటే.

గంగరాజుకి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. చెరువు యజమాని గోపాలకృష్ణంరాజు నంబరు వెతికి కలిపింది.

"రాజుగారండీ, గంగరాజుగారెక్కడ?"

"చెరువులోనేనమ్మా, నడుంలోతులో. ఏం?"

"ముందు మెయిన్ దించెయ్యండి! ఎందుకో తర్వాత చెప్తాను. పరిగెత్తండి!"

ఆయన ఆయాసం, గట్టు మీద చెప్పుల చప్పుడు వినిపిస్తున్నాయి. ఇంతలో ఆఫీసులో ఫ్యాను తిరిగింది. అవతల గాలి హోరు తప్ప ఏమీ లేదు. సూరమ్మ ఆ రెండు పేజీలూ గుండెకి అదుముకుని నిలబడిపోయింది.

"దించానమ్మా" అన్నాడు గోపాలకృష్ణంరాజు. "పక్క చెరువులో చక్రాలు తిరుగుతున్నాయి. మనవి తిరగట్లేదు."

పావని ఆయనకి ఆ రెండు పేజీల సంగతీ చెప్పింది. కాసేపటికి గంగరాజు గొంతు వినపడింది, పళ్లు టకటక కొట్టుకుంటూ.

"మేడమ్, రాజుగారు చెప్పారండి. ఆ రెండో పేజీ నంబరెంతండి? జేబులో కాగితం తడిసిపోయింది, చేతి మీద రాసుకుంటాను."

"నూట ఎనభై" అంది పావని. తొమ్మిదో పేజీలో, 'ఆపు' అన్న మాటకన్నా పైన, అదే అంకె పెద్దగా రాసింది.