సూరి ముఖం

ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటూ ఊగిపోతున్న రోజులవి. నగరం అంచున యాప్రాల్ దాటాక ఒక రేకుల షెడ్డులో మాత్రం వాషింగ్ మెషిన్ల ముందు పలకలకు పువ్వులు ఎక్కించేవారు. పువ్వులు ముద్రించిన ప్లాస్టిక్ ఫిల్మును వేడిచేసి, విపరీతమైన గాలి ఒత్తిడితో డై అనే అచ్చు మీదికి నొక్కుతారు. నొక్కితే ఫిల్ము సాగి బొమ్మ వంకరపోతుంది. అందుకని ముందే లెక్కగా వంకర ముద్రిస్తారు, నొక్కాక సరిగ్గా వస్తుంది.

ఆ వంకర తేల్చడానికి అందరూ గళ్లు గీసి చూస్తారు. ఇక్కడ మాత్రం మనిషి ముఖం వేసేవారు. గడి వంకరైతే కన్ను మోసపోవచ్చు గానీ తెలిసిన ముఖమైతే ఇట్టే పట్టేస్తుందని ఆపరేటర్ సూరి సిద్ధాంతం. కొత్త డైకి తన ఫొటోయే ఇచ్చాడు మహానుభావుడు.

సూరి పోయి నెలైంది. లోపలికి తలపెట్టి చూస్తుండగా ఆ నొక్కుడు మిషన్ మూసుకుంది. తలుపు తెరిచి ఉంటే అది కదలకూడదు. కానీ తెరిచినా మూసినట్టే లెక్కయ్యేలా తలుపు స్విచ్చికి ఎవరో తీగ చుట్టేశారు. సూరే చుట్టాడని సూపర్‌వైజర్ భద్రయ్య రిపోర్టు రాసేశాడు. చచ్చినవాడు ఎదురు చెప్పడు గదా!

చుట్టింది హెల్పర్ కల్యాణ్. పని త్వరగా తెములుతుందని చుట్టాడు. విజయనగరం నుంచి అతన్ని తెచ్చి ఈ పనిలో పెట్టింది ఆ సూరే. సూరి పోయినప్పటినుంచి పలక తీసినప్పుడల్లా కల్యాణ్‌కి పూరేకుల మధ్య సూరి కళ్లు కనబడేవి. 

ఆ మధ్యాహ్నం సూరి భార్య లోవలక్ష్మి షెడ్డులో ఉండిపోయిన భర్త బట్టల కోసం నేరేడ్‌మెట్ నుంచి వచ్చింది. బట్టల కింద ఫిల్ము ఒకటి బయటపడింది. బుగ్గలు ఉబ్బి, నుదురు నొక్కుకుపోయిన సూరి ముఖం.

"అమ్మో! ముఖం ఇలాగైపోనాదేటి? అందుకేనా నాకు సూపించకుండా గుడ్డ కట్టేసినారు?"

"కాదొదినా, ఇది అది కాదు," అన్నాడు కల్యాణ్. మాటలతో చెప్పడం అతని వల్ల కాలేదు. ఫిల్మును మిషన్లో పెట్టి, తలుపు మూసి నడిపాడు. బయటికొచ్చిన పలక మీద సూరి, అచ్చం సూరి, ఎప్పటిలాగే కొంటెగా చూస్తున్నాడు. వంకర ముఖమే నయమనిపించింది కల్యాణ్‌కి.

ఆమె పలకను గుండెలకు హత్తుకుంది. "ఎచ్చగా ఉన్నాడు," అంది. తలెత్తి కల్యాణ్‌ని చూసింది. "తమ్ముడూ, తన సావు తనే తెచ్చుకున్నాడని మా ఈదంతా అంటన్నారు. నిజంగా ఆ తీగ ఈయనే సుట్టినాడా?"

భద్రయ్య అడ్డొచ్చాడు. "అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకమ్మా? జెర మనసు గట్టి చేస్కో. బట్టలు తీస్కొని ఇంటికి పో బిడ్డా."

కల్యాణ్ ఆ పలక వైపు చూశాడు. దాచి బతకడం ఇక తన తరం కాదని తెలిసిపోయింది.

"నాను సుట్టానొదినా."

 లోవలక్ష్మి పలకను అతని వైపు తిప్పి పట్టుకుంది.

"నాకు కాదు. ఈయనకి సెప్పు."