ఎర్ర అద్దాల కిటికీ

మా ఆయన ఈ ఊరు ఇంతకుముందే చూశాడని పడవ ఎక్కకముందే నాకు అనుమానం వచ్చింది.

సరస్సు నడుమ రాజుగారి మహల్, గట్టు పొడవునా పాత గుళ్లు. తీసుకెళ్లమని పన్నెండేళ్లుగా పోరుతుంటే "చూద్దాంలే" అని తప్పించుకున్న మనిషి, ఉన్నట్టుండి టికెట్లు తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పుడే ఏదో తేడా కొట్టింది. అంతకు వారం ముందు గడియారాల సామాను కొనుక్కొస్తానని రెండు రోజులు ఎటో వెళ్లి, ఉత్త చేతులతో వచ్చాడు. ఆయనది గడియారాలు బాగుచేసే కొట్టు. అంతకుముందెప్పుడూ సామాను లేకుండా తిరిగి రాలేదు.

నేను లెక్కల టీచర్ని. ఇరవై ఏళ్లుగా పరీక్ష హాళ్లలో కాపీరాయుళ్లను పట్టుకుంటున్నాను. చీటీ ఎక్కడ దాచాడో మొహం చూసి చెప్పేస్తాను. నా దగ్గరా ఆటలు?

రేవులో పడవవాడు ఆయన్ను చూడగానే నోరంతా తెరిచి నవ్వాడు.

"ఈసారి అమ్మగారిని కూడా తెచ్చారా సార్?"

"ఈసారి ఏంటి?" అన్నాను.

"ఎవరనుకున్నాడో పాపం," అని మా ఆయన గొణిగాడు. పడవవాడు నా మొహం చూసి తెడ్డు అందుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరితో వచ్చాడు? కొట్టు పక్కన టైలరమ్మతోనా? ఆవిడ వాచీ ఒక్కటే నెలకోసారి ఎందుకు ఆగిపోతుందో నాకు తెలీదనుకున్నారా?

మహల్లో ఆయన గైడును మించిపోయాడు. "గడప ఎత్తుగా ఉంటుంది, చూసుకో. ఇక్కడ ఎడమకి. ఇప్పుడు ముప్పై ఎనిమిది మెట్లు." గోడమీద చెయ్యి ఆనించి, తల వంచకుండా ఎక్కేశాడు. ఎవరి పక్కన నడిచాడో గానీ మహానుభావుడికి మెట్లతో సహా గుర్తున్నాయి. నేను పళ్లు నూరుకుంటూ వెనకాలే ఎక్కాను.

పైన రాణిగారి గది. లోపలికి పది అడుగులు వేసి, ఆగి, చెయ్యి చాపాడు.

"చూశావా కిటికీ? అన్నీ ఎర్ర అద్దాలే. నేలమీద ఎండ ఎంత ఎర్రగా పడుతోందో చూడు!"

చూశాను. అద్దాలు లేవు. మరమ్మతుకని ఊడదీసి, కిటికీ అంతా చెక్కలు కొట్టేశారు. సోమవారం నుంచి పని జరుగుతోందని పక్కనే కాగితం అంటించి ఉంది. తలుపులోంచి వచ్చే కాస్త వెలుతురు తప్ప గదంతా చీకటి.

బట్టీ పట్టినవాడు ఇలాగే దొరుకుతాడు. ప్రశ్న మారినా పాత జవాబే రాస్తాడు.

"అక్కడ చెక్కలున్నాయండీ," అన్నాను.

ఆయన ముందుకు నడిచి తడిమి చూశాడు. వేళ్లకు మేకు తగిలింది.

"గది చీకటిగా ఉంటే, నా కళ్లే అనుకున్నా," అన్నాడు.

"ఎప్పట్నించి?"

"ఏడాదవుతోంది. మంచి వెలుతురుంటే నడిమధ్య కాస్త కనబడుతుంది. కొట్లో చేత్తో తడుముకుంటూ నెట్టుకొస్తున్నా. చూపు పోవడం ఇక ఆగదన్నాడు డాక్టరు."

"మరి పోయినవారం?"

"నేనొక్కణ్ణే వచ్చా. గడపలు, మెట్లు లెక్కపెట్టుకున్నా. ఎన్నేళ్లుగానో అడుగుతున్నావ్ కదా. ఇక్కడికొచ్చి కూడా నువ్వు నన్నే చూసుకుంటూ తిరిగితే ఏం చూస్తావని..."

కోపం ఎక్కడికి పోయిందో! ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎవరో ఆడది అనుకున్నానండీ. అదే అయ్యుంటే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. దీన్ని ఎక్కడ పట్టుకోను?"

ఆయన నాకోసం చెయ్యి చాపాడు. అది నేను లేని వైపుకి వచ్చింది. నేనే అటు జరిగి నిలబడ్డాను.