ఇరవై రెండు బండ్లకు ఒకటే బ్యాటరీ

బుధ్రాం చేతులకు బేడీలు వేసేటప్పుడు అతని పాదం నుంచి నెత్తురు ఇంకా కారుతూనే ఉంది. వెనక, రోడ్డు వారన గుంటలో అతని లారీ పక్కకు ఒరిగి పడి ఉంది. ఒలికిన కంకర కింద నుంచి అప్పుడే ముయెను బయటికి తీశారు. పందొమ్మిదేళ్ళ పిల్ల. పొద్దున జావ తాగి, రోజూలాగే లోడు మీద ఎక్కి కూర్చుని రోడ్డు పనికి బయల్దేరింది. ఇప్పుడు చింకి చాప కింద పడుకోబెట్టారు.

జరిగింది చూసినవాళ్ళు నలభై మంది. ఎర్రబోరు ఊరు దాటాక వచ్చే ఎత్తులో, సగం దూరం ఎక్కాక, బుధ్రాం లారీ ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆ పాత బండ్లకు ఇంజన్ ఆగితే బ్రేకు కూడా సరిగా పట్టదు. నిండు లోడుతో బండి వెనక్కి జారింది. బుధ్రాం దూకి పారిపోలేదు. వెనక నడిచి వస్తున్న జనం మీదికి పోకుండా స్టీరింగు తిప్పి బండిని గుంటలోకి దించాడు. అంతమందీ బతికారు. లోడు మీద ఉన్న ముయె బతకలేదు.

"తాగి నడిపాడు, రాసుకో," అన్నాడు ఠాణా పెద్ద, థానేదారు, హిందీలో.

"జావ తాగిండు సాబ్. నేనే పోసిన," అంది లక్మే. ఆమె బుధ్రాం భార్య, కంకర తట్టలు మోసే కూలీ. ఆమె మాట రాసుకునే కాగితం ఆ ఠాణాలో ఇంకా తయారు కాలేదు.

అప్పుడు వచ్చాడు కాంట్రాక్టరు కాశీవిశ్వనాథం, తెల్ల జీపులో. ఒకప్పుడు సంతల్లో ఆదివాసులకు ఉప్పు ఇచ్చి ఇప్పపువ్వు, చింతపండు తీసుకున్న కుటుంబం. ఇప్పుడు కుంట పట్నం దాకా పెద్ద రోడ్డు వెడల్పు చేసే పని ఆయనది. అందరూ సేటు అంటారు. సేటు ముయెను ఒక్కసారి చూశాడు. లారీ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తర్వాత సంచిలోంచి ఒక కార్డు తీసి, బండ్లు బాగుచేసే మిస్త్రీ శ్రీరంగాన్ని పిలిచాడు.

"రంగా, ఇటు రారా. ఇక్కడో సంతకం."

అది ఆ బండి సర్వీసు కార్డు. నాలుగు రోజుల కిందటే ఇంజన్ నూనె మార్చినట్టు, కొత్త ఫిల్టరు వేసినట్టు, బండికి ఏ లోపమూ లేనట్టు రాసి ఉంది. అందులో ఒక్క ముక్క నిజం కాదు.

"సేటుగారూ, ఇది..."

"మనోడివని పిలిచిన. మన భాషోళ్ళం ఈ అడవిల ఎంతమందిమున్నం రా? వీళ్ళ కోసం మనం మనం కొట్టుకుందమా? పెట్టు."

శ్రీరంగం కార్డును జీపు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. రెండేళ్ళుగా అలాంటివి పెట్టి పెట్టి చేతికి అలవాటైపోయింది. తల ఎత్తేసరికి ఎదురుగా లక్మే. ఆమె తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. చూసి, మొగుడి వెంట పోలీసు జీపు దాకా నడిచిపోయింది.

ఆ క్యాంపులో ఇరవై రెండు లారీలు. పందొమ్మిది వందల తొంభై నాలుగు ఎండాకాలం నాటికి వాటిలో ఒక్కదానికీ బతికున్న బ్యాటరీ లేదు. మొత్తం క్యాంపుకు మంచి బ్యాటరీ ఒకటే. తెల్లవారుజామున శ్రీరంగం దాన్ని తోపుడుబండి మీద పెట్టుకుని ఒక్కో లారీ దగ్గరికి తోసుకెళ్ళి, తీగలు తగిలించి, ఇంజన్ లేపేవాడు. డ్రైవర్లు ఆ బ్యాటరీకి అమ్మ అని పేరు పెట్టారు. అమ్మ లేపాక ఇంజన్ ఆపకూడదు. ఆపితే మళ్ళీ లేవదు. లోడు నింపుతున్నా, దింపుతున్నా, డ్రైవరు అన్నం తింటున్నా అది మోగుతూనే ఉండాలి. రోజుకు పదమూడు గంటలు మోగేది. నడిచేది మాత్రం ఎనభై కిలోమీటర్లు.

సేటుకు కిలోమీటర్లే తెలుసు. తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగితేనే నూనె మార్చాలంటాడు. అంతవరకూ రావాలంటే నాలుగు నెలలు. జగదల్‌పూర్ ఐ.టి.ఐ.లో చదివిన శ్రీరంగానికి వేరే లెక్క తెలుసు. క్వారీ బండికి నూనె గంటలను బట్టి మార్చాలి, రెండొందల యాభై గంటలకు, అంటే ఇరవై రోజులకోసారి. ఆ మాట ఒకసారి అన్నాడు కూడా. "నిలబడ్డ బండికి నూనె ఎందుకు పాడయితది రా? తక్కువైతే పైన పొయ్యి," అని కసిరాడు సేటు. నాలుగు నెలలు నిండినా పైన పోయడమే. రాయి దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్లను నేలకేసి కొట్టి మళ్ళీ బిగించడమే. కార్డు మీద మాత్రం అన్నీ కొత్తవే.

మరి వదిలిపెట్టి పోవచ్చు కదా అని మీరడగవచ్చు. పోవాలంటే కాగితాలు కావాలి. శ్రీరంగం సర్టిఫికెట్టూ, డ్రైవర్ల లైసెన్సులూ పనిలో చేరిన రోజే సేటు బీరువాలోకి వెళ్ళాయి. ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీద సేటుకు తెలియని గ్యారేజీ లేదు, సేటును ఎరగని చెక్‌పోస్టు లేదు.

ఆ సాయంత్రం శ్రీరంగం గుంటలో పడ్డ లారీ కిందకు దూరి, ఇంజన్ అడుగున నూనె దింపే బిరడా విప్పాడు. ఒక్క చుక్క కారలేదు. తీగ పెట్టి పొడిస్తే నల్లగా, తారులా, ఒక ముద్ద జారి చేతిలో పడింది. దాన్ని చూస్తూ ఏడ్చాడు. ముయెను చంపింది ఇది. దీనికి కాపలా కాసింది తన సంతకం.

గురువారం జగదల్‌పూర్ నుంచి మోటారు ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తాడు. ఆయన ముందు బండి బాగుందని శ్రీరంగం నోటితో చెప్పాలి. చెబితే బుధ్రాంకు ఏళ్ళ తరబడి జైలు. చెప్పకపోతే దొంగ కార్డు రాసినందుకు తనకు జైలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు పొద్దున లక్మే మరమ్మతు షెడ్డుకు వచ్చింది.

"మిస్త్రీ దాదా, ఒక్కటడుగుత. గాడీ నిలబడ్డప్పుడు ఇంజన్ పని చేస్తదా, చెయ్యదా?"

"చేస్తది."

"మరి సేటు కాగజ్‌ల అది ఎందుకు లేదు? మేం తట్టలు మోసి నింపేదాక అది మా మొకాల మీద పొగ కక్కుతనే ఉంటది. గొడ్డునైన పగటేల విప్పి నీడకు కడ్తరు. దీన్ని విప్పరు. ఒకదినం అది పడిపోతదని మాకే తెలుస్తున్నది. చదివినోనివి, నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసే పెట్టినవా సంతకం?"

"నా కాగితాలు సేటు బీరువల ఉన్నయ్ లక్మే."

"నా మొగడు సేటు జైల్ల ఉన్నడు."

లక్మే గుమ్మంలోనే నిలబడి ఉంది. "పగటేల బువ్వకాడ అందరం కూసుంటం. వస్తే రా. రాకుంటే ఇగ నిన్ను అన్న అనుకోను, దాదా అనను," అని వెళ్ళిపోయింది.

వెళ్ళాడు. క్వారీ నీడలో ఎనభై మంది ఆడకూలీలు, ఇరవై ఒక్క మంది డ్రైవర్లు జావ దొప్పలతో కూర్చుని ఉన్నారు. శ్రీరంగాన్ని చూడగానే కుర్ర డ్రైవరు భీమా లేచాడు.

"వీడెందుకొచ్చిండు? సేటు చెవులు రెండు ఇటొచ్చి కూసుంటయా?"

"ఉండు," అన్నాడు సీతారాములు. భద్రాచలం వైపు నుంచి వచ్చిన పెద్ద డ్రైవరు. "వాన్నొక్కన్ని అంటే ఏమొస్తది? తిలా పాపం తలా పిడికెడు. నూనె నల్లబడ్డదని మనకు తెల్వదా? తెలిసే తోలినం."

"మనకు పిడికెడు సరే," అంది పొజ్జే. క్వారీలో అందరికంటే ముసలిది. "సేటుకు గంపెడు. ఆ గంప ఎవరెత్తుకోవాలె? బుధ్రాం ఎందుకెత్తుకుండు?"

"తగలబెడదాం!" అన్నాడు భీమా. "ఇరవై రెండు బండ్లూ తగలబెడదాం. అప్పుడు తెలుస్తది."

"తగలబెడితే రేపు ఠాణాల ఏమంటరు?" పొజ్జే గొంతు పెంచలేదు. "అడవిల నక్సలైట్లొచ్చిన్రంటరు. తుపాకులు తెస్తరు. ముయె ముచ్చట ఎవరడుగుతరు ఇగ? అగ్గి మనం పెట్టొద్దు కొడుకా. సేటు అదే కోరుకుంటడు."

"పనికి రాకుంటే?" అడిగాడు భీమా.

"కుంటల డ్రైవర్లు దొరకరా? మర్నాడే తెస్తడు," అన్నాడు సీతారాములు. "వాళ్ళెక్కి తోలుకపోతరు. మనం రోడ్డు మీద పడతం. ఇంకో దారి లేదు తమ్మీ."

పక్కన బండ్లు మోగుతూనే ఉన్నాయి. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సి వస్తోంది. పొజ్జే విసుక్కుంది.

"ఆ మోత ఆపున్రి జరసేపు. చెవులు పోతున్నయ్."

"ఆపితే మళ్ళ లేవయి అవ్వా," అన్నాడు శ్రీరంగం, మామూలుగానే. "ఇరవై రెండింటికి ఒకటే బ్యాటరీ. అది నా దగ్గర..."

మాట మధ్యలో ఆగిపోయింది. భీమా అతని వంక చూశాడు. సీతారాములు తాగుతున్న దొప్ప కింద పెట్టాడు. కొత్త డ్రైవర్లు వచ్చినా ఏం తోలుతారు? చచ్చిన బండ్లనా? బ్యాటరీలు కొనకుండా సేటు తన బండ్లకు తానే తాళం వేసుకున్నాడు. తాళంచెవి మిస్త్రీ తోపుడుబండి మీద ఉంది.

"మిస్త్రీ," అంది లక్మే. "నువ్వు మా దిక్కా, సేటు దిక్కా?"

"నేను జైలుకు పోత లక్మే."

"అడిగింది అది కాదు."

"మీ దిక్కే," అన్నాడు. ఆ రెండు మాటలు అనడానికి అతనికి రెండేళ్ళు పట్టింది.

గురువారం. ఇన్‌స్పెక్టరు, థానేదారు, సేటు క్యాంపు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మిగిలిన ఇరవై ఒక్క లారీలూ లోడుతో రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి నిలిచి ఉన్నాయి. సీతారాములు కిందికి దిగి తువ్వాలు ఊపాడు. ఇరవై ఒక్క ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

రెండేళ్ళలో పగటిపూట ఆ చోటు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆడవాళ్ళ దగ్గు వినిపించింది. సేటు కుర్చీలోంచి లేచాడు.

"ఏందిరా ఇది? ఎవడాపమన్నడు? తియ్యండి బండ్లు!"

సేటు మనుషులు ఇద్దరు ఎక్కి తాళాలు తిప్పారు. టక్కుమని చప్పుడు, అంతే. పది మంది కానిస్టేబుళ్ళు ఒక లారీని తోశారు. లోడు లారీ చదును మీద కదులుతుందా? ఒక పోలీసు జీపు బ్యాటరీ తెచ్చి తగిలిస్తే అదీ చచ్చింది.

"రంగా! బ్యాటరీ తే!"

బ్యాటరీ తోపుడుబండి మీదే ఉంది. దాని మీద గోనెపట్టా వేసుకుని పొజ్జే కూర్చుంది. చుట్టూ ఎనభై మంది ఆడవాళ్ళు. ముసలమ్మను ఎత్తి పక్కన పెట్టమని థానేదారు ఇద్దరు పోలీసులకు చెప్పాడు. ఆడవాళ్ళందరూ ఒక్కసారే లేచి నిలబడేసరికి వాళ్ళు వెనక్కొచ్చారు.

సేటు గొంతు తగ్గించాడు. చేతిసంచిలోంచి ఒక కాగితం తీశాడు. శ్రీరంగం సర్టిఫికెట్టు. ఈరోజు అవసరం పడుతుందని తెచ్చుకున్నాడు.

"ఇదిగో. తీస్కో. రేపటి నుంచి ఎక్కడికన్న పో, నేనేమనను. ఆ ముసల్దాన్ని లెవ్వమను."

శ్రీరంగం ఆ కాగితాన్ని చూశాడు. అమ్మానాన్నల రెక్కల కష్టం అది. చెయ్యి చాచితే అందేటంత దూరంలో ఉంది.

"బుధ్రాంను ఇడిపించండి సేటుగారూ. తర్వాత ఇద్దురు."

సేటు మొహం నల్లబడింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి దుమ్ములో పారేశాడు. రెండేళ్ళుగా మనిషిని కట్టేసిన తాడును తన చేత్తోనే తెంపానని ఆయనకు తోచలేదు. శ్రీరంగం తిన్నగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడిచాడు.

"సాబ్, కార్డు మీద సంతకం నాదే. అది అబద్ధం. ఆ బండికి నూనె మార్చలే. ఏ బండికీ మార్చలే. రండి, చూపిస్త."

మొదటి లారీ కిందకు దూరి బిరడా విప్పాడు. ఏమీ కారలేదు. రెండోదానికి భీమా విప్పాడు. ఏమీ కారలేదు. మూడోదాని కింద నుంచి ముద్దగా ఏదో జారి ఇన్‌స్పెక్టరు బూటు ముందు పడింది. జనం ఒక్కో బండి వెంట నడుస్తూ "విప్పు! విప్పు!" అని అరుస్తున్నారు. తొమ్మిదో బండి దగ్గర ఇన్‌స్పెక్టరు చాలన్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో ఎవరికీ చెప్పలేదు.

థానేదారుకు మాత్రం పని దొరికింది. దొంగ కార్డు రాశానని మిస్త్రీ స్వయంగా ఒప్పుకున్నాడు కదా. శ్రీరంగం చేతులకు తాడు కట్టి, ఇంకా నడిచే రెండో పోలీసు జీపులో ఎక్కించాడు. సేటును ఎవరూ ఏమీ అడగలేదు.

జీపు వంద గజాలు పోయిందో లేదో, ముందు ఆడవాళ్ళు అడ్డం వచ్చారు. రాళ్ళు విసరలేదు, పడుకోలేదు. రోడ్డు నిండా పరుచుకుని కుంట వైపు నడవసాగారు. వెనక డ్రైవర్లు, పొజ్జే కూర్చున్న బ్యాటరీ బండిని తోసుకుంటూ. మధ్యలో జీపు, మొదటి గేరులో, నత్తనడకన. థానేదారు హారను మోగించాడు, బూతులు తిట్టాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

పోలీసు డ్రైవరు ఈ అడవిలోనే భేజ్జి వైపు మనిషి. ఇందాక తొమ్మిది బండ్ల వెంటా తిరిగి, జారిన ముద్దలన్నీ చూశాడు. ఉన్నట్టుండి జీపు ఆపి, తాళం తిప్పేశాడు.

"ఏమైంది?"

"ఇంజన్ వేడెక్కింది సాబ్. ఇట్ల నడిపితే బిగుసుకపోతది. చల్లబడాలె."

"ఎంతసేపు?"

"అది ఇంజన్ ఇష్టం సాబ్."

థానేదారు అతన్ని గుడ్లురిమి చూశాడు. చేసేది లేక దిగాడు. ముద్దాయిని దింపాడు. ఆ ఎండలో, తాడు కట్టిన మిస్త్రీ, ఇద్దరు పోలీసులు, థానేదారు, జనం మధ్యలో జనంతో పాటే నడక మొదలుపెట్టారు. దారిలో మొదటి ఊరు రాగానే పొలాల్లోంచి, ఇప్పచెట్ల కింద నుంచి మనుషులు వచ్చి ఏమిటని అడిగారు. లక్మే వాళ్ళ గోండి భాషలో చెప్పింది. వాళ్ళూ కలిశారు.

లక్మే నడక తగ్గించి థానేదారు పక్కకు వచ్చింది.

"సాబ్, కుంటల మీ జైలు ఎంత పెద్దగుంటది?"

"నీకెందుకు?"

"ఇప్పటికి రెండొందల మందిమి. ముందల ఇంకా మూడూర్లున్నయ్."