ఫ్యాను శ్రుతి పెరిగిన మధ్యాహ్నం

మా ఆయన నారాయణమూర్తి గారి గొంతు ఒకే ఒక్క క్యాసెట్లో మిగిలింది. శ్రీకూర్మం గుడిలో స్వామివారి ముందు ఆయన పాడుతుండగా ఎవరో రికార్డు చేసి ఇచ్చారు. ఆయన పోయాక దాన్ని చీరల మడతల్లో దాచుకున్నాను గాని, వేసి వినడానికి ధైర్యం చాలలేదు. టేపు తెగితే ఆయన రెండోసారి వెళ్ళిపోయినట్టే కదా.

చివరికి మా అబ్బాయి త్యాగరాజే, "ఇంకా దాస్తే పొడైపోతాదమ్మా" అని పాత టేపురికార్డరును కంప్యూటరుకు తగిలించాడు. అంతకుముందే నేను పట్టుబట్టి స్పైక్ బస్టరు తెప్పించాను. కరెంటు ఎగిసిపడితే అది అడ్డుకుంటుందని అట్టపెట్టె మీద కూడబలుక్కుని చదివాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. ఆయన పాటల కాగితాలు చూసే అక్షరాలు నేర్చుకున్నాను. అందుకేనేమో, అచ్చులో కనిపించినదల్లా నమ్ముతాను.

పాటంతా కంప్యూటరులోకి ఎక్కింది. వెనక్కి చుడుతుంటే టేపు పుటుక్కున తెగి, పెళుసుగా ముక్కలైపోయింది.

"పోనీలేమ్మా, పాట అందులో ఉందిగా. సాయంత్రం పెన్ డ్రైవ్ కొని ఇంకో కాపీ తీస్తాను" అన్నాడు త్యాగరాజు.

అంటే సాయంత్రందాకా ఆయన ఆ పెట్టెలోనే ఉండాలి. ఇంకెక్కడా లేరు.

త్యాగరాజు మాత్రం సంబరంగా బ్యాటరీ శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని, తండ్రి పాటే అందుకున్నాడు. బయట పొద్దుటినుంచి గాలి ఈడ్చి కొడుతోంది. వంటింట్లో మా కోడలు అరుణశ్రీ బెండకాయలు తరుగుతోంది. సముద్రపొడ్డున బోట్లవాళ్ళ ఇంట పుట్టి, మా ఇంటికొచ్చి ముద్దపప్పుతో సర్దుకున్న పిల్ల. పెళ్ళినాడు ఎదురింటి లక్ష్మణమ్మ, "దానికి సముద్రం హోరు తప్ప శ్రుతేటి తెలుస్తాది వదినా?" అని అందరూ వినేలా అంది. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లే.

మా ఇంట్లో ఫ్యాను హోరులోనే పాటలన్నీ. అది మాకు రెండో తంబురా. కాసేపటికి నా చెవికేదో తేడా తోచింది.

"శ్రుతి జారిందిరా త్యాగూ."

"అవునమ్మా, నాకూ అలాగే ఉంది." శ్రుతిపెట్టె కొంచెం పెంచాడు. మళ్ళీ జారినట్టే ఉంది. మళ్ళీ పెంచాడు. గొంతు నరాలు తేలుతున్నాయి పాపం, అయినా అందడం లేదు.

"ఈ పెట్టెకేదో రోగమొచ్చింది" అని విసుక్కున్నాడు.

అరుణ కత్తిపీట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "పాట ఆపు మావా! ఫ్యాను ఇను!"

"ఏటే?" అన్నాడు త్యాగరాజు.

"బోటు పంకా నీళ్ళలోంచి పైకి తేలితే ఇంజను ఇలాగే కూస్తాది. మా అయ్య సిటికెలో కట్టేసీవోడు!"

తలెత్తి చూశాను. రెక్కలు కనబడనంత వేగంగా తిరుగుతోంది ఫ్యాను. జారింది పాట కాదు, ఫ్యాను హోరే పైకెక్కిపోతోంది. దేవుడి గదిలో బల్బు తెల్లగా మండుతోంది. ఈలోగా అరుణ వీధరుగు మీదికి దూకి మెయిను లాగేసింది. కంప్యూటరు తెర చటుక్కున నల్లబడింది.

"ఒసే! అందులో మీ మావయ్య ఉన్నారే!" అని అరిచాను.

"అందుకే కట్టేసినానత్తా."

ఆ మాట ముగియకుండానే ఎదురింట్లో ఠప్పుమని చప్పుడైంది. "ఓలమ్మో, నా టీవీ!" అని లక్ష్మణమ్మ కేక. వీధంతా మాడిన వాసన.

లైన్‌మన్ త్రినాథ్ వచ్చి స్తంభం ఎక్కాడు. గాలికి న్యూట్రలు తీగ కొద్దికొద్దిగా ఊడి తెగిపోయిందట. దాంతో ఇళ్ళమీదికి కరెంటు రెట్టింపు దాకా ఎక్కిందట. నేను స్పైక్ బస్టరు సంగతి చెబితే నవ్వాడు.

"అది సిటుక్కుమని వచ్చిపోయే దెబ్బకి పనికొస్తాది మామ్మా. ఇలా ఎక్కి కూసున్న ఓల్టేజిని అదేటి సేస్తాది? ముందు అదే మాడిపోయేది. మెయిను ఎవులు కట్టేసినారు?"

"మా కోడలు" అన్నాను. నా గొంతు అంత పెద్దగా లేచి ఎన్నాళ్ళయిందో!

తీగ బాగుచేసి కరెంటు ఇచ్చారు. కంప్యూటరు వెలిగేదాకా అరుణ చెయ్యి పట్టుకునే ఉన్నాను. ముందు గుడిగంట వినిపించింది. తరువాత ఆయన ఒకసారి దగ్గి, పాట ఎత్తుకున్నారు. త్యాగరాజు తల పక్కకు తిప్పుకున్నాడు. పెన్ డ్రైవ్ కొనడానికి మాత్రం సాయంత్రందాకా ఆగనివ్వలేదు నేను.

ఇప్పుడు మా బోర్డులో, వోల్టేజి పెరిగితే తనంతట తానే కరెంటు ఆపే పెట్టె ఉంది. అయినా ఫ్యాను చప్పుడు మారిందంటే వీధిలో ఆడవాళ్ళు ముందు పిలిచేది అరుణనే.

ఏకాదశినాడు గుడిలో మా త్యాగరాజు పాట. మా ఆయన పాడే రోజుల్లో వెనక కూర్చుని తంబురా మీటింది నేనే. ఆయన పోయాక ఆ చోట ఎవరూ కూర్చోలేదు. ఆ రోజు శ్రుతిపెట్టె తీసుకెళ్ళి అరుణ ఒళ్ళో పెట్టి, అక్కడ కూర్చోబెట్టాను.

"శ్రుతి సూడ్డం కోడలికి వస్తాదా వదినా?" అంది పక్కనున్న లక్ష్మణమ్మ.

"నీ టీవీనడుగు" అన్నాను.

అరుణ నవ్వు ఆపుకుంటూ నా వైపు వంగింది. "ఎంతలో పెట్టమంటావత్తా?"

"నీ చెవికెంత బాగుంటే అంతలో పెట్టు."